ఆగాలంటే దిగాలి

ఎత్తు 54 కిలోమీటర్లు

ఎత్తు సరిగ్గా ఉంది. గాలి మామూలే. బయట వేడి మామూలే. మా అత్త దాలమ్మ కూడా మామూలే, అంటే లేచినప్పటి నుంచి ఎవరో ఒకరిని తిడుతూనే ఉంది.

ఈ చిట్టాలో ఎత్తు, గాలి, వేడి తప్ప ఇంకేమీ రాయకూడదని ఊరిపెద్ద ముసలయ్యగారు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. పెద్ద గాలితిత్తికి వేలాడుతూ మబ్బుల మీద తేలే మా ఊరు మబ్బుపాలెం ఎత్తు చూసే పని నాది. నా చేతికి కలం ఇచ్చి మూడు అంకెలు వేసి ఊరుకో అంటే అయ్యే పని కాదు. కుదురుగా కూర్చోవడం నా ఒంట్లో లేదు. పైగా ఇప్పుడు నా పిల్ల ఆసుపత్రి గదిలో గాజుపెట్టెలో ఉంది. నెలలు నిండకుండా పుట్టింది. ఊపిరితిత్తులు ఇంకా పక్వానికి రాలేదని డాక్టరు విమల అంటుంది. పెట్టె లోపల వేడి ఏమాత్రం అటూ ఇటూ కాకూడదట. నేను ఇక్కడ మీటర్ల ముందు కూర్చుంటాను, లేస్తాను, వెళ్ళి గాజులోంచి పిల్ల పొట్ట ఎగసిపడడం చూస్తాను, మళ్ళీ వచ్చి కూర్చుంటాను. ఇదే నా ఉద్యోగం, ఇదే నా బాలింతతనం.

పడమట పొద్దు పొడిచింది. శుక్రుడి మీద పొద్దు పొడిచేది పడమటే. గాలి మమ్మల్ని గ్రహం చుట్టూ తిప్పుకొస్తుంటుంది కాబట్టి ఇక మూడు రోజులు వెలుగే, ఆ తర్వాత మూడు రోజులు చీకటి. వెలుగు రాగానే వలలు దింపాలి. మా ముత్తాతల ముత్తాతలు భీమిలి ఒడ్డున చేపల కోసం వలలు వేసేవాళ్ళట. మేం మబ్బులో వేస్తాం. ఊరికి దిగువన మబ్బు చిక్కగా ఉంటుంది, దాని చినుకంతా యాసిడ్. వలకు పట్టిన చినుకును పైకి లాగి, కాచి, నీళ్ళు తీసుకుంటాం. వలల చిక్కులు తీయడానికి గంపలో, అంటే మూత బిగించిన చిన్న గదిలాంటి దాంట్లో, కిందికి దిగేది మా అత్త. అరవై దాటింది, ఇక మానేయమ్మా అని కొడుకు బతిమాలాడు.

"నాను మానీస్తే మీకు నీల్లెక్కడివిరా? నీ పెల్లాం కల్లల్లోంచి తోడుకుంటారేటి?" అంది.

నేను పక్కనే ఉన్నాను. ఏమీ అనలేదు. అంటే ఆవిడ రెండంటుంది, నేను మూడంటాను, వలలు దిగవు. మా అత్త ఒక మాట పడే మనిషి కాదు. రేడియోలో గాలి వేగం చదివే యంత్రపు గొంతుతో కూడా వాదన పెట్టుకుంటుంది.

దిగేముందు గంపను తాడుకు కట్టే ముడి దిగేవాళ్ళే వేసుకోవాలి. ఇంకొకరు వేసిన ముడితో దిగకూడదని ఊరి ఆచారం. ఉక్కు కొక్కేలు ఉన్నాయి, అవి పెట్టెల్లో పడి ఉన్నాయి. అత్తది పుట్టింటి ముడి. వాళ్ళ పెద్దలు సముద్రం మీద పడవలకు వేసేదట, తడిసేకొద్దీ బిగుస్తుందట. సముద్రం ఎలా ఉంటుందో ఆవిడకూ తెలియదు, నాకూ తెలియదు. కానీ ఆ ముడి వేసేటప్పుడు ఆవిడ ముఖంలో ఉండే దర్జా మాత్రం చూసి తీరాలి.


ఎత్తు 54

అత్త గంప జారిపోయింది.

రాయకుండా కూర్చుంటే పిచ్చెక్కేలా ఉంది. నూలుతాడు తడిస్తే ఉబ్బి బిగుస్తుంది. మా తాడు నూలు కాదు. యాసిడ్‌కు చెక్కుచెదరని నున్నటి ప్లాస్టిక్ తాడు, తడిస్తే జారుతుంది. ఇన్నేళ్ళూ ఆ ముడి ఎలా నిలిచిందో అదే వింత. ఇవాళ నిండు వల గంప అంచుకు తగులుకుంది, బరువు పడింది, ముడి ఊడింది. గిలక దగ్గరున్నది పోలరాజు, నా మొగుడు, ఆవిడకున్న ఒక్క కొడుకు. వట్టి తాడు పైకి వస్తుంటే చుడుతూనే ఉన్నాడు. చాలుపో అని ఎవరో చెయ్యి పట్టుకుని ఆపాల్సి వచ్చింది.

గంప నేలదాకా పోదు. శుక్రుడి నేల సీసం కరిగేంత వేడి, అక్కడికి ఎవరూ పోలేదు, పోలేరు. కిందికి దిగేకొద్దీ గాలి చిక్కబడుతుంది. గంపకున్న చిన్న తిత్తిని మోయగలిగేంత చిక్కటి గాలి తగిలిన చోట అది ఆగిపోతుంది. అత్త గంప నలభై ఆరు దగ్గర ఆగింది. అక్కడ బయట గిన్నె పెడితే నీళ్ళు తెర్లే వేడి. గంప కూలర్ రెండు రోజులు లాగవచ్చు, మూడో రోజు అనుమానం.

రేడియో పట్టుకుని అత్తా అత్తా అని అరుస్తుంటే చాలాసేపటికి పలికింది.

"అరవకే, సెవులున్నాయి నాకు."

"దెబ్బలేటైనా తగిలాయేటి?"

"తగల్డానికి ఇక్కడేటుందే, గాలే కదా. ఒకటే ఉక్క. ముందు ఆ పోలిగాడికి సెప్పు, ఏడవొద్దని. ఇక్కడిదాకా ఇనబడతంది."

పోలరాజు నిజంగానే ఏడుస్తున్నాడు. నేను నవ్వాను, ఆ తర్వాత నాకూ ఏడుపొచ్చింది.

అసలు చిక్కు వేడి ఒక్కటే కాదు. ఈ గ్రహం గాలిలో నిలబడడమనేది లేదు. పైనున్నది వేగంగా పోతుంది, కిందున్నది నెమ్మదిగా పోతుంది. మేం పైన, ఆవిడ కింద. గంటగంటకీ ఆవిడ మాకు వెనకబడిపోతోంది. ఆగుదామంటే లంగరు దించడానికి నేల లేదు. ఇక్కడ ఒకరి కోసం ఆగాలంటే వాళ్ళకంటే కిందికి దిగాలి. దిగి, ఆ వేడిలో కూర్చుని, వాళ్ళు మన దాకా వచ్చినప్పుడు పట్టుకోవాలి. వేరే దారి లేదు.


ఎత్తు 53

పోలరాజు చిన్న గాలిపడవ వేసుకుని దిగాడు. పడవ తిత్తి ఒంటిపొర, సగం దూరం కూడా పోకముందే అతుకుల జిగురు మెత్తబడింది. తిరిగొచ్చేటప్పటికి ఒకపక్క తిత్తి వేలాడిపోతోంది. మళ్ళీ వెళ్తానని గొడవ చేస్తే నలుగురు పట్టుకుని కూర్చోబెట్టారు.

ఊరి తిత్తి మూడుపొరలు. అది ఆ వేడిని ఓర్చుకుంటుంది. అంటే మిగిలింది ఒకటే, ఊరు ఊరంతా దిగడం.

ముసలయ్యగారి గదిలో పెద్దలంతా కూడారు. దిగడానికి ఒక పద్ధతుంది. మా మామగారి రోజుల్లో ఒక గంప ఇలాగే జారితే ఊరు అడగకుండా, ఆలోచించకుండా దిగిందట. తీరా గంపను పైకి లాగితే లోపలి మనిషి ఎప్పుడో పోయాడు. అతని కోసం దిగిన వేడికి తోట మాడిపోయింది, ఇద్దరు ముసలివాళ్ళు పోయారు. అప్పుడు పెట్టుకున్నారు మూడు పిలుపుల కట్టుబాటు. ఊరంతా వినేలా మైకులో పిలవాలి. మొదట రక్తం పిలవాలి, తర్వాత ఊరు పిలవాలి, చివర ఇల్లు పిలవాలి. మూడింటిలో ఏ ఒక్కదానికి పలికినా ఊరు దిగి తీరాలి, కాదనే హక్కు ఎవరికీ లేదు. మూడింటికీ పలకకపోతే దిగకూడదు, అడిగే హక్కు ఎవరికీ లేదు.

మా అత్త రేడియోలో వాగుతూనే ఉంది కాబట్టి పిలుపులు వట్టి తంతు అనుకున్నాం అందరం. ముసలయ్యగారైతే తిత్తి వాల్వు తాళంచెవి మొలలోంచి తీసి బల్లమీద పెట్టేశారు కూడా. వాల్వు తిప్పితే తిత్తిలోకి బయటి బరువు గాలి చేరి ఊరు దిగుతుంది.

"గుంటెలగుంది?" అని రేడియోలో అత్త అడిగింది. నా పిల్ల సంగతి.

నేను బాగుందని చెప్పబోతున్నాను. అదే సమయంలో విమల పక్కనే నిలబడి ముసలయ్యగారితో మాట్లాడుతోంది. "దిగితే ఊరి కరెంటంతా కూలర్లకే పోతుందండీ. ఆ వేడిలో పెట్టె సమంగా ఉంచగలనని నేను మాటివ్వలేను. ఆ పిల్లకు ఒక గంట తేడా వచ్చినా చాలు."

ఆవిడ తప్పేం లేదు. నా చేతిలో రేడియో అత్తకు వినబడేలా తెరిచే ఉందని ఆవిడ గమనించలేదు.

"డాక్టరమ్మా," అంది అత్త. "ఆ మాట మల్లీ సెప్పు."

విమల నా ముఖం చూసింది.

"సరేలే," అంది అత్త. అంతే. ఆ తర్వాత రేడియోలో గాలి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.


ఎత్తు 53

మొదటి పిలుపు అయింది. మైకు ముందు పోలరాజు నిలబడ్డాడు. "అమ్మా" అన్నాడు, రెండోసారి "అమ్మా" అన్నాడు, మైకు నుంచి పక్కకు జరిగాడు. వీధి చివరిదాకా జనం నిలబడి విన్నారు. జవాబు లేదు.

నాకు కోపం వచ్చింది. భయం కంటే ముందు కోపమే వచ్చింది. నోరు మూసుకోవడం ఒక్క రోజు కూడా చేతకాని మనిషికి ఇప్పుడే చేతనైందా అని.


ఎత్తు 52

ముసలయ్యగారు తన ఇష్టం మీద దింపగలిగేది ఇంతే, వలలు సర్దుకోవడానికి దిగినంత. దీనివల్ల దూరం పెరగడం కాస్త నెమ్మదించింది, ఆగలేదు.

నేను తెరమీద అత్త గంప చుక్కనే చూస్తూ కూర్చున్నాను. కూర్చున్నానంటే అబద్ధం, నిలబడ్డాను, నడిచాను, గోళ్ళు కొరికాను. చుక్క కొంచెం దిగుతుంది, కాసేపటికి మళ్ళీ ఎక్కుతుంది. తిత్తిలోకి సీసాలోని తేలిక గాలిని పంపు కొడితేనే గంప ఎక్కుతుంది. ముసలయ్యగారి చెయ్యి పట్టుకుని తెర దగ్గరికి లాక్కొచ్చాను.

"సూడండి బాబూ, ఎక్కింది. లోపల మనిషుంది, పంపు కొడతంది."

"గంపలో దానంతటదే కొట్టీ పంపు కూడా ఉంటాది కదమ్మా."

"అదైతే ఒకేలా కొడతాది. ఇది సూడండి, ఒకపాలి ఎక్కువ, ఒకపాలి తక్కువ. సెయ్యి నొప్పెట్టి ఆగతంది, మల్లీ కొడతంది."

ఆయన చాలాసేపు చూశారు. ఆయనకు మా అత్త వరసకు వదిన. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే గంపలో దిగేవాళ్ళట.

"నాకూ తెలుసమ్మా," అన్నారు చివరికి. "మనకి తెలిస్తే సాల్దు. ఊరికి ఇనబడాల. ఊల్లో నీ గుంటొక్కర్తే కాదు, మంచాన పడ్డోల్లున్నారు, సంటోల్లున్నారు. తెరమీద సుక్క సూపించి ఆల్లని దింపలేను."

ఆయన మీద విరుచుకుపడదామనిపించింది. కానీ ఆ మాటలో తప్పు ఎక్కడుందో దొరకలేదు, అందుకని తెరమీద విరుచుకుపడి దాని స్టాండు వంకర చేశాను.

రెండో పిలుపు ఆయనదే. "వదినా, నాను ముసలిని. ఊరు పిలస్తంది. పలుకు," అన్నారు. రేడియోకు చాలాసేపు చెవి పెట్టి నిలబడ్డారు. రేడియోలో ఒకసారి దగ్గులాంటిది వినబడిందని నాకనిపించింది. గాలి చప్పుడని మిగతావాళ్ళన్నారు. దగ్గే అయినా, దగ్గు పలకడం కింద లెక్కకు రాదు.


ఎత్తు 52

మూడో పిలుపు ఇంటిది. ఇల్లంటే కోడలు. ఇంకో పూట తర్వాత నేను పిలవాలి.

పిల్ల దగ్గరికి వెళ్ళాను. పొట్ట ఎగసిపడుతోంది. విమలను నిలదీశాను.

"దిగితే బతుకుతుందా?"

"తెలియదు కస్తూరీ."

"పెట్టెతో సహా పడవలో పైన ఉంచితే?"

"పడవ కరెంటు ఈ పెట్టెకు చాలదు. నేను ఆలోచించనిది ఉంటే చెప్పు, చేస్తాను."

నేను ఆలోచించినవన్నీ ఆవిడ ముందే ఆలోచించింది. ఆవిడ కళ్ళు చూస్తే తెలిసింది, ఆవిడ కూడా నిద్రపోలేదు.

పోలరాజు గిలక దగ్గర, తాడు చుట్ట మీద కూర్చుని ఉన్నాడు. పక్కన కూర్చున్నాను, వెంటనే లేచాను.

"అమ్మ కావాలనే పలకట్నేదు," అన్నాడు.

"తెలుసు."

"మన గుంట కోసం."

"తెలుసయ్యా. ఎన్నిమాట్లు సెప్తావు?"

"మరి నువ్వేటి సేస్తావు? ఊరికే పేరెట్టి పిలిసీసి వొచ్చీ. ఆవిడ పలకదు. ఆవిడ మాట ఆవిడకి దక్కుతాది." అలా అని రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. "కాదు, అలగ సెయ్యకు. నాకు తెల్దు. నన్నడగకు."

అడగలేదు. తల్లి ఒకవైపు, కూతురు ఒకవైపు పెట్టి ఎంచుకోమంటే ఏ మనిషి చెప్పగలడు? నాకు మాత్రం చేతనవుతుందా? నాకు భయంగా ఉంది. మా అత్తంటే నాకు పడదు, ఈ ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. పడని మనిషి కింద ఒంటరిగా, ఆ ఉడుకులో, నొప్పెట్టే చేత్తో పంపు కొట్టుకుంటూ, నా బిడ్డ కోసం నోరు నొక్కుకుని కూర్చుంది. నేను పైన చల్లటి గదిలో నిలబడి మర్యాదగా పేరు పెట్టి పిలిచి, అయ్యో పలకలేదని వచ్చేస్తే, అందరూ నన్ను ఓదారుస్తారు. నా పిల్ల పెరుగుతుంది. పెరిగాక నాన్నమ్మ ఏదని అడుగుతుంది. ఏం చెప్పను దానికి?

అలాగని పిల్లకేమైనా అయితే? ఆ మాట రాయడానికే కలం ఆగిపోయింది. ఇప్పటికి ఈ గదిలో ఎన్ని చుట్లు తిరిగానో నాకే తెలియదు.


ఎత్తు 52

పిలిచాను.

మైకు దగ్గరికి నడిచేటప్పటికి వీధి నిండా జనం. ముసలయ్యగారు, పోలరాజు, ఆసుపత్రి గది గుమ్మంలో విమల. "అత్తా" అన్నాను. గాలి చప్పుడు. ఆ ఒక్క మాటతో ఆపేస్తే తంతు పూర్తయ్యేది.

"అత్తా, నువ్వింటన్నావని నాకు తెలుసు. ఊరంతా ఇంటంది, ఊరందరి ముందరే సెప్తన్నాను. నీకు ముడి వెయ్యడం రాదు."

వెనక ఎవరో ఉలిక్కిపడ్డారు.

"నీకు రాదు, నీకు నేర్పినోల్లకి రాదు. నీ పుట్టింటోల్లు ఏడు తరాలనించి పడవలు కట్టీసినారని డప్పు కొట్టుకుంటావు కదా, ఒక్క పడవైనా ఒడ్డున నిలిసిందో లేదో ఎవడు సూసినాడు? అన్నీ కొట్టుకుపోయుంటాయి. సవరంలో జడపాయ నిలబెట్టడం కూడా సేతకానోల్లు మీ ఇంటోల్లు. రేపట్నించి ఈ ఊల్లో అందరూ కొక్కేలే ఏస్తారు. దాలమ్మ ముడని సెప్పి గుంటలకి సూపించి నవ్వుతాం."

పోలరాజు నా భుజం పట్టుకున్నాడు. ఆపడానికో, నిలబెట్టడానికో తెలియలేదు. గాలి చప్పుడు. ఇంకా గాలి చప్పుడు.

"ఎవర్తివే నువ్వు," అంది రేడియో.

గొంతు ఎండిపోయి, చీలిపోయి ఉంది, కానీ ఆవిడదే.

"ఎవర్తివే నువ్వు నా పుట్టింటోల్లని అనడానికి? నీయమ్మ నీకు అన్నం వార్సడం నేర్పలేదు గానీ, నువ్వు మా ముడికి వొంకలెడతావేటి? నీ నాలిక..."

మిగతాది చిట్టాలో రాయదగింది కాదు. వీధిలో ఒకరు నవ్వారు, ఆ వెంటనే అందరూ నవ్వారు, నవ్వుతూ ఏడ్చారు. ముసలయ్యగారు తాళంచెవి తీసుకుని వాల్వు దగ్గరికి ఎవరి వైపూ చూడకుండా నడిచారు. నేను గుమ్మంలో విమలను చూశాను. ఆవిడ అప్పటికే లోపలికి పరుగెత్తింది.


ఎత్తు 49

దిగుతున్నాం. గోడలు ముట్టుకుంటే వెచ్చగా ఉన్నాయి. ముసలయ్యగారు తాళం తీశాక వాల్వు తిప్పే పని నాది, వదిలి కదలడానికి లేదు. పిల్ల ఎలా ఉందో తెలియడం లేదు. ప్రతి నిమిషానికీ ఎవరో ఒకరిని పంపి కనుక్కోమంటున్నాను, వాళ్ళు తిరిగొచ్చి "అలాగే ఉంది" అంటున్నారు. అలాగే అంటే ఎలాగ?


ఎత్తు 47

ఒక సంగతి జరిగింది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. మొదట రేవు వీధివాళ్ళు ఇళ్ళలో కూలర్లు ఆపేశారు. తర్వాత పై వీధి. తర్వాత బడి. ముసలయ్యగారి ఇల్లు. ఒక్కొక్క మీటరూ పడిపోతుంటే ఏదో చెడిపోయిందని కంగారుపడ్డాను. విమల ఫోన్ చేసి, "కస్తూరీ, పెట్టెకు కరెంటు నిండుగా వస్తోంది, ఎక్కడ నుంచి?" అని అడిగింది. అప్పుడు అర్థమైంది. ముసలివాళ్ళను, చంటిపిల్లల్ని ఆసుపత్రి గదిలోకి చేర్చి, మిగతావాళ్ళంతా తడిగుడ్డలు కప్పుకుని నేలమీద పడుకున్నారు. తోటలో అరటి ఆకులు అంచుల నుంచి నల్లబడ్డాయి. కోళ్ళు అరవడం మానేశాయి.


ఎత్తు 45

ఊరు ఎన్నడూ ఇంత కిందికి రాలేదు. మబ్బు మా నెత్తిమీద ఉంది. కింద ఏమీ కనబడదు, ఎర్రటి పొగలాంటి వెలుగు తప్ప. చెమట కళ్ళలోకి పడి అంకెలు రెండుగా కనబడుతున్నాయి. ఇప్పుడు మేం ఆవిడకంటే కింద, ఆవిడకంటే నెమ్మది. చుక్క మా వైపు వస్తోంది. అంత నెమ్మదిగా వచ్చేదాన్ని జీవితంలో చూడలేదు. ఊరి గాలిమరలు వెనక్కి తిప్పి ఎదురు వెళ్తున్నాం. తిత్తి ఒక పొర అతుకు విడిందని కబురొచ్చింది. ఇంకా రెండు పొరలున్నాయి.

అత్త గొంతు ఆగి చాలాసేపయింది. తిట్టమ్మా, ఏదో ఒకటి తిట్టు అని బతిమాలాను. పలకలేదు. ఈసారి కావాలని కాదు.


ఎత్తు 46

దొరికింది. పోలరాజు, ఇంకో ముగ్గురు కలిసి కొక్కెం విసిరి గంపను లాగారు. ఉక్కు కొక్కెం. ఆవిడ లోపల పంపు పిడి మీద వాలిపోయి ఉంది. చేతులు బొబ్బలు. ఊపిరి ఉంది. ఊపిరి ఉంది అని పోలరాజు అరిచిన అరుపు వాల్వు గదిలో నాకు వినబడింది. వెంటనే ఎక్కడం మొదలుపెట్టాను.


ఎత్తు 53

తోటలో సగం పోయింది. కోళ్ళు దాదాపు అన్నీ పోయాయి. పై వీధి రాజారావు తాతకు వడదెబ్బ తగిలింది, కోలుకుంటున్నాడు. మనుషులెవరూ పోలేదు. పిల్ల అలాగే ఉంది, ఇప్పుడు ఆ మాటకు అర్థం విమల విడమరిచి చెప్పింది. గండం గట్టెక్కినట్టే, కానీ ఊరు గ్రహాన్ని ఇంకో చుట్టు తిరిగితే గానీ ఖాయంగా చెప్పలేదట.

అత్తకు తెలివొచ్చింది. నేను దగ్గరికి వెళ్ళగానే కట్టు కట్టిన చేత్తో నా చెంపమీద కొట్టింది. కట్టు మెత్తగా ఉంది కాబట్టి దెబ్బ తగల్లేదు, కానీ ఆవిడ గట్టిగానే కొట్టింది.

"గుంట సచ్చిపోతే?" అంది.

తల వంచుకుని నిలబడ్డాను. ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుంది.


ఎత్తు 54

ఎత్తు సరిగ్గా ఉంది. అత్త నాతో మాట్లాడడం లేదు. ఇవాళ పిల్లను కాసేపు పెట్టెలోంచి తీయవచ్చని విమల చెప్పింది. అత్త చేతులకు కట్లున్నాయి కాబట్టి ఎత్తుకోలేదు. నేనే పిల్లను పట్టుకుని ఆవిడ ముఖం దగ్గరగా కూర్చున్నాను. ఆవిడ నా వైపు చూడలేదు, పిల్లతోనే మాట్లాడింది.

"మీయమ్మకి సెప్పే గుంటా, అన్నం తినమని. మొకం సూడు పీక్కుపోయింది."

తింటానని చెప్పమ్మా అని నేనూ పిల్లతోనే అన్నాను.

అత్త పిల్ల వేళ్ళవైపు చూసింది. తర్వాత గొంతు తగ్గించి, పిల్లకు మాత్రమే చెబుతున్నట్టు చెప్పింది.

"మొదటి రెండుపాల్లు నోట్లో గుడ్డ కుక్కుకున్నాను. మీ అయ్య పిలిస్తే ఆగనేనని. మూడోపాలి మీయమ్మ పిలస్తాదనగా గుడ్డ తీసీసి కూకున్నాను. తిట్టిందని పలికాననుకుంటంది, పిచ్చిది. ఊరికే పేరెట్టి పిలిసినా పలికీదాన్ని. నీ సంగతి తెలిసి కూడా, బతకాలనిపించింది నాకు."

ఆవిడ కళ్ళు తుడుచుకోవడానికి చేతులు లేవు. నేను విననట్టే ఉండి, పిల్ల దుప్పటి అంచుతో తుడిచాను.